మంచులో కూరమడి: లో టన్నెల్ ఏం చేస్తుంది, ఏం చేయదు

అమెరికాలో పెరటి తోట వేసే తెలుగువాళ్ళకి అక్టోబరు వస్తోందంటే దిగులు మొదలవుతుంది. సెప్టెంబరు దాకా విరగకాసిన బీర, సొర, దోస పాదులు మొదటి మంచు పడిన రాత్రికే నల్లబడి వాలిపోతాయి. మర్నాడు పొద్దున చూస్తే గోంగూర లేదు, తోటకూర లేదు, బచ్చలి తీగ మెత్తబడి నేలకి అంటుకుపోయి ఉంటుంది. అప్పుడు అందరికీ వచ్చే ఆలోచన ఒకటే. నాలుగు పైపులు వంచి మడిమీద గుచ్చి, పైన ప్లాస్టిక్ కప్పితే (నేలకి దగ్గరగా ఉండే ఈ పొట్టి సొరంగాన్నే లో టన్నెల్ అంటారు) చలికాలమంతా కూరలు పండించుకోవచ్చట కదా?

పండించుకోవచ్చు. న్యూజెర్సీలో, ఒహాయోలో, ఇంకా చలి ఎక్కువగా ఉండే మిషిగన్‌లో కూడా జనవరిలో మడిలోంచి ఆకుకూర కోసుకునేవాళ్ళు ఉన్నారు. కానీ నవంబరులో టన్నెల్ కట్టి, అందులో గింజలు చల్లి, సంక్రాంతికి కూర చేతికొస్తుందని ఎదురుచూసేవాళ్ళకి దాదాపు ప్రతిసారీ నిరాశే. ఈ ఇద్దరికీ తేడా ఎక్కడుందంటే ప్లాస్టిక్ ఖరీదులోనూ కాదు, పైపుల లావులోనూ కాదు, విత్తిన తేదీలో ఉంది. నడి చలికాలంలో లో టన్నెల్ మొక్కను పెంచదు. శరదృతువులోనే పెరిగి ఉన్న మొక్కను చావకుండా కాపాడుతుంది. పైపుల కొలతలకన్నా ముందు ఈ సంగతి తేలాలి, అందుకే దీన్నుంచే మొదలుపెడుతున్నాను.

చలి ఒక లెక్క, వెలుతురు ఇంకో లెక్క

హైదరాబాదులో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా సుమారు 11 గంటలుంటుంది. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు అక్కడ నేలకు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అదే రోజు 40వ అక్షాంశం దగ్గర, అంటే ఫిలడెల్ఫియా, కొలంబస్, మధ్య న్యూజెర్సీ ప్రాంతాల్లో, పగలు 9 గంటల 20 నిమిషాలే. సూర్యుడు 26, 27 డిగ్రీలు మించి పైకి రాడు. వెలుతురు ఉండేదే తక్కువసేపు, అదీ ఏటవాలుగా పడి పలచబడుతుంది. మొక్క ఎదగాలంటే వేడి ఒక్కటే సరిపోదు, ఆకులో పిండిపదార్థం తయారవ్వాలంటే వెలుతురు కావాలి.

అమెరికాలో చలికాలపు సాగుని పెరటి తోటల వాళ్ళ దాకా తెచ్చిన రైతు ఎలియట్ కోల్‌మన్. మెయిన్ రాష్ట్రంలో హార్బర్‌సైడ్ అనే ఊళ్ళో, సముద్రం పక్కన ఆయన పొలం. పగలు 10 గంటలకన్నా తగ్గాక ఆకుకూరల ఎదుగుదల దాదాపు ఆగిపోతుందనే లెక్క ఆయన వల్లే బాగా ప్రచారమైంది. సరిగ్గా 10 గంటల దగ్గర మొక్క గడియారం చూసి ఆగిపోతుందని కాదు. అది చేతిలెక్క, కానీ ఆచరణలో బాగా పనికొస్తుంది. 40వ అక్షాంశం దగ్గర ఈ చీకటి కాలం నవంబరు మూడో వారంలో మొదలై జనవరి చివరి వారం దాకా నడుస్తుంది. ఉత్తరంగా సియాటిల్ వెళ్తే నవంబరు మొదట్లోనే మొదలై ఫిబ్రవరి రెండో వారం దాకా లాగుతుంది. అట్లాంటాలో ఇది డిసెంబరు చుట్టుపక్కల కొన్ని వారాలే. డాలస్‌లో అతి చిన్న పగలే దాదాపు 10 గంటలుంటుంది, హ్యూస్టన్‌లో అయితే పగలు 10 గంటలకన్నా తగ్గనే తగ్గదు. అందుకే డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న చుట్టాలు చెప్పిన పద్ధతి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పనిచేయదు.

సియాటిల్‌నీ డెన్వర్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. సియాటిల్ చలికాలం మెత్తనిది, గట్టి మంచు అరుదు, కానీ ఆకాశం వారాల తరబడి మబ్బే. డెన్వర్‌లో రాత్రులు కొరికేస్తాయి, పగలు మాత్రం ఎండ ధగధగలాడుతుంది. మొక్క సియాటిల్‌లో చలికి చావదు, వెలుతురు లేక ఎదగదు. డెన్వర్‌లో వెలుతురుకి కొదవలేదు. అక్కడ టన్నెల్ లోపలి ఉష్ణోగ్రత పగటికీ రాత్రికీ విపరీతంగా మారిపోవడమే చిక్కు. ఒకే టన్నెల్, రెండు ఊళ్ళు, రెండు రకాల కష్టాలు.

అమెరికా వ్యవసాయ శాఖ వేసిన జోన్ల పటం ఇక్కడ కొంత తికమక పెడుతుంది. ఆ పటం చెప్పేది ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున ఎంత చల్లగా ఉంటుందనేది ఒక్కటే. 2023లో దాన్ని సవరించినప్పుడు చాలా ఊళ్ళు అర జోను వెచ్చటివైపు జరిగాయి. పైన కప్పే ఒక్కో పొర మడిని ఒకటిన్నర జోన్ల మేర దక్షిణానికి జరిపినంత పని చేస్తుందని కోల్‌మన్ చెబుతారు. చలి సంగతి వరకు అది మంచి అంచనా. కానీ ఎన్ని పొరలు కప్పినా పగలు ఒక్క నిమిషం కూడా పొడవవదు, పైగా ప్రతి పొరా ఉన్న వెలుతురులో కొంత మింగేస్తుంది. జోను మారినంత మాత్రాన అక్షాంశం మారదు.

వెనక్కి లెక్కపెట్టడం

కాబట్టి తేదీల లెక్క చీకటి కాలం మొదలయ్యే రోజు నుంచి వెనక్కి నడవాలి. విత్తనాల ప్యాకెట్ మీద ఎన్ని రోజుల్లో కోతకి వస్తుందో రాసి ఉంటుంది. శరదృతువులో పగలు తగ్గుతూ పోవడం వల్ల ఎదుగుదల నెమ్మదిస్తుంది కనుక ఆ అంకెకు రెండు వారాలు కలపాలి. స్పినాచ్ ప్యాకెట్ మీద 45 రోజులని ఉంటే 60 అనుకోండి. 40వ అక్షాంశం దగ్గర చీకటి కాలం మొదలయ్యే నవంబరు 17 నుంచి 60 రోజులు వెనక్కి వెళ్తే సెప్టెంబరు 18 వస్తుంది. 70 రోజుల క్యారెట్‌కి 84 లెక్కేస్తే ఆగస్టు 25. అంటే వినాయక చవితి సందడి నడిచే రోజుల్లోనే, బయట ఇంకా ఉక్కపోస్తుండగానే, చలికాలపు మడి తయారవ్వాలి. టమాటా ఇంకా కాస్తోంది కదా, పీకెయ్యడమెలా అని అందరూ తటపటాయించేది సరిగ్గా ఇక్కడే. ఆ ఒక్క మడినైనా ఆగస్టులో ఖాళీ చేయగలిగినవాళ్ళకే జనవరిలో కూర.

ఆగస్టులో విత్తడానికి ఒక ఇబ్బంది ఉంది. నేల బాగా వేడెక్కి ఉంటే స్పినాచ్ గింజ మొలవడానికి మొరాయిస్తుంది. మడిమీద నీడ వల వేసి, సాయంత్రాలు నీళ్ళు చల్లి నేలను చల్లబరిచి, సెప్టెంబరు రెండో వారంలో విత్తితే మొలక బాగుంటుంది. క్యారెట్‌కి తడి ఆరకూడదు. విత్తిన సాళ్ళమీద తడిపిన గోనెపట్టా పరిచి, మొలక కనిపించిన రోజే తీసేయాలి.

ఏం విత్తాలి అన్నది మన ఇళ్ళలో మనసు కష్టపెట్టే ప్రశ్న. మనకి ప్రాణమైన గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ, వంగ, మిరప అన్నీ వేడి దేశపు మొక్కలు. నేల గడ్డకట్టకపోయినా, 50 డిగ్రీల ఫారన్‌హీట్ దిగువకు వెళ్ళేసరికే వీటిలో చాలావాటికి ఇబ్బంది మొదలవుతుంది. లో టన్నెల్ వీటిని అక్టోబరులో మరో రెండు మూడు వారాలు నిలపగలదు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. కరివేపాకు కుండీ సంగతి అసలు అడగక్కర్లేదు, అది ఇంట్లో కిటికీ దగ్గరికి రావలసిందే. గోంగూర కోసం జనవరిలో టన్నెల్ కట్టేకన్నా సెప్టెంబరులోనే కోసి పచ్చడి పట్టి దాచుకోవడం మేలని నా గట్టి నమ్మకం.

మంచుని తట్టుకునే కూరలు వేరే ఉన్నాయి, వాటిలో మన వంటకి సరిపడేవి తక్కువేమీ కాదు. అన్నిట్లోకీ ముందు స్పినాచ్. మన పాలకూర చాలావరకు బీట్‌రూట్ జాతికి చెందిన మొక్క, అక్కడి స్పినాచ్ వేరే మొక్క. పప్పులో రెండూ ఒదుగుతాయి గానీ, చలి దగ్గరికొచ్చేసరికి స్పినాచే మొండిది, కాబట్టి ఊరినుంచి తెచ్చుకున్న పాలకూర గింజలు వేసవికి ఉంచుకోండి. కొత్తిమీర చాలామంది అనుకునేదానికన్నా చలికి బాగా ఓర్చుకుంటుంది. వేసవిలో కొన్ని వారాల్లోనే పూతకొచ్చే కొత్తిమీర, టన్నెల్ కింద నెలల తరబడి ఆకుమీదే ఉంటుంది. ఉల్లికాడలు, వెల్లుల్లి ఆకు, ఆవకూర, సోయకూర, ముల్లంగి, క్యారెట్ అన్నీ ఈ వరుసలోవే. మెంతికూర తేలికపాటి మంచుకి ఆగుతుంది, నడి జనవరికి మాత్రం నమ్ముకోలేం. కేల్ అనే ఆకుకూర అలవాటైన ఇళ్ళలో దానికి తిరుగులేదు. మాష్ అనే చిన్న ఆకుకూర ఒకటుంది, ఐరోపాలో సలాడ్‌కి వాడతారు. మొండితనంలో స్పినాచ్‌ని కూడా మించుతుంది.

లోపల జరిగేది

టన్నెల్ లోపల ఏ పొయ్యీ లేదు. మరి వెచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుంది? పగలు ఎండ ప్లాస్టిక్‌లోంచి దిగి నేలను వేడిచేస్తుంది, ఆ వేడిని నేల రాత్రి కొంచెం కొంచెంగా వదులుతుంది. దుప్పటి తనంతట తాను వేడి పుట్టించదు, ఒంటి వేడిని పోనివ్వదు. ఇక్కడ ఒళ్ళు నేల. అందుకే నేల గడ్డకట్టకముందే కప్పాలి. గడ్డకట్టిన మడిమీద డిసెంబరు చివర ప్లాస్టిక్ వేస్తే నిలిచే వేడి ఏమీ ఉండదు.

అయితే పాలిథిన్‌కి పెద్ద లోపం ఒకటి ఉంది. నేల రాత్రిపూట ఆకాశంవైపు వదిలే వేడి పరారుణ కిరణాల రూపంలో పోతుంది, మామూలు పాలిథిన్ వాటిని పెద్దగా ఆపలేదు. గాజు ఆపుతుంది, పాలిథిన్ ఆపదు. మబ్బు లేని, గాలి లేని రాత్రి ఒట్టి ప్లాస్టిక్ టన్నెల్ లోపలి గాలి తెల్లవారేసరికి బయటి గాలికి దాదాపు సమానంగా చల్లబడుతుంది. ఒక్కోసారి ఒకటి రెండు డిగ్రీలు ఇంకా కిందికి పోతుంది కూడా. ప్లాస్టిక్ లోపలివైపు పట్టే చెమట ఇక్కడ కొంత ఆదుకుంటుంది. ఆ నీటి పొర పరారుణ వేడిని కొంత పట్టి ఉంచుతుంది. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ప్రతి గ్రాముకీ 80 కేలరీల వేడిని వదులుతాయి, అదీ తోడవుతుంది. రాత్రిని దాటించే అసలు పని మాత్రం లోపలి రెండో పొరది. మొక్కలమీద తెల్లటి నేయని బట్ట, రో కవర్ అంటారు దాన్ని, కప్పి దానిపైన ప్లాస్టిక్ టన్నెల్ ఉంటే రెండిటి మధ్య నిలిచిన గాలి రాత్రి వేడిని కాపాడుతుంది.

ప్లాస్టిక్ బాగా చేసే పని వేరే ఉంది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అది గాలిని ఆపుతుంది. నేల గడ్డకట్టి వేరు నీళ్ళు తాగలేని స్థితిలో ఉన్నప్పుడు, చలిగాలి ఆకులోని తడిని పీల్చేస్తుంది. చలికాలంలో చచ్చిపోయిన కేల్ మొక్కల్లో చాలా వరకు ఇలా ఎండిపోయినవే. గాలి తగలకుండా, వాన, మంచు నేరుగా పడకుండా ఉన్న ఆకు అదే చలిలో పచ్చగా నిలుస్తుంది.

జనవరి పొద్దున ఏడింటికి ప్లాస్టిక్ అంచు ఎత్తి చూస్తే గుండె జారుతుంది. స్పినాచ్ ఆకులు ముదురు ఆకుపచ్చగా, నీళ్ళు నానినట్టు పారదర్శకంగా, నేలకి అతుక్కుని ఉంటాయి. ఈనె వెంబడి మంచు పలుకులు. వేలితో నొక్కితే పెళుసుగా విరిగిపోతుంది. పంట పోయిందనే ఎవరైనా అనుకుంటారు. ఎండెక్కి పదకొండు అయ్యేసరికి అవే ఆకులు లేచి నిలబడతాయి. జరిగింది ఇదీ: చలికి అలవాటు పడిన మొక్క తన కణాల్లోంచి నీటిని కణాల మధ్య ఖాళీల్లోకి పంపేస్తుంది, మంచు అక్కడ కడుతుంది. కణం లోపల చక్కెరలు చిక్కబడి ఉంటాయి కాబట్టి గడ్డకట్టదు. కరిగాక నీరు తిరిగి లోపలికి చేరుతుంది. చలికాలపు క్యారెట్, స్పినాచ్ అంత తియ్యగా ఉండడానికి కారణం ఆ చక్కెరే. గడ్డకట్టి ఉన్న ఆకుని కోస్తే మాత్రం కణాలు చిట్లి, గిన్నెలో కరిగాక జావగా మిగులుతుంది. కోత ఎప్పుడూ పదకొండు తర్వాతే.

ఈ ఓర్పు మొక్కకి ఒక్కరోజులో రాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో కొన్ని వారాలపాటు చల్లటి రాత్రులు సోకితేనే వస్తుంది. మొదటి మంచు కబురు వినగానే ప్లాస్టిక్ కప్పేసి వెచ్చగా పెంచిన మొక్క సుకుమారంగా తయారై, గట్టి చలి వచ్చిన మొదటి రాత్రే పోతుంది. నవంబరులో పలచటి బట్ట చాలు. రాత్రులు వరసగా 25 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరికి, అంటే సున్నాకి నాలుగు డిగ్రీల సెల్సియస్ కిందికి దిగుతున్నప్పుడు పైన ప్లాస్టిక్ వేయాలి. చాలామంది ఆత్రంతో నెల ముందే కప్పేస్తారు.

ఆ తర్వాత కూడా ప్రమాదం చలికన్నా వేడితోనే ఎక్కువ. లో టన్నెల్లో గాలి పరిమాణం చాలా తక్కువ కనుక ఉష్ణోగ్రత ఇట్టే ఎక్కుతుంది, ఇట్టే దిగుతుంది. బయట 40 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండి ఎండ కాస్తే లోపల 80 దాటడం మామూలే. అలాంటి రెండు మూడు రోజులు మూసి ఉంచితే మొక్క చలికాలం పోయిందనుకుని తన ఓర్పుని వదిలేసుకుంటుంది. నాలుగో రాత్రి 15కి పడిపోయిందంటే తట్టుకోలేదు. దానికితోడు తడి, వేడి కలిసినచోట బూజు తెగులు పట్టుకుంటుంది. ఎండ కాసే రోజు బయట 40 దాటుతుందని తెలిస్తే ఉదయం తొమ్మిదింటికల్లా రెండు చివర్లూ తెరిచి, మూడింటికి మూసేయాలి. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఇది కష్టమే. ఆ రోజుల్లో ఒక చివర జానెడు తెరిచి వదిలేయడం, పూర్తిగా మూసి వెళ్ళడం కన్నా ఎంతో నయం.

కట్టడం

అమెరికా ఇళ్ళలో ఎక్కువగా కనిపించే 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు మడినే తీసుకుందాం. 4 అడుగుల వెడల్పుకి అర్ధవృత్తం కమాను కావాలంటే వంపు పొడవు 6 అడుగుల 3 అంగుళాలు, మధ్యలో ఎత్తు 2 అడుగులు. రెండు పక్కలా పది అంగుళాల చొప్పున దిగేలా పైపుని 8 అడుగులకి కోయాలి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే 10 అడుగుల అరంగుళం పీవీసీ పైపుని 2 అడుగులు తగ్గిస్తే సరిపోతుంది. ఇనుప చువ్వ ముక్కలు రెండేసి అడుగులవి మడికి రెండు పక్కలా, ఒక్కో కమాను కొసల దగ్గర, సగం దాకా నేలలోకి కొట్టి, పైపు కొసల్ని వాటిమీదకి తొడిగితే కమాను కదలదు. 8 అడుగుల పొడవుకి నాలుగు కమానులు, అంటే మధ్యలో ఇంచుమించు 2 అడుగుల 8 అంగుళాల ఎడం. మంచు ఎక్కువ కురిసే ఊళ్ళో ఐదు వేయండి.

పీవీసీ చవక, చేత్తోనే వంగుతుంది, కానీ ఎండకి కొన్నేళ్ళలో పెళుసెక్కుతుంది. కరెంటు వైర్లు పంపే సన్నటి ఇనుప గొట్టాలు చాలా ఏళ్ళు ఉంటాయి, వాటిని వంచడానికి మాత్రం బెండర్ కావాలి. నాలుగైదు మడులున్నవాళ్ళకి ఆ ఖర్చు దండగ కాదు. లావుపాటి తీగతో చేసిన చిన్న కమానులు లోపలి రో కవర్ మోయడానికి బాగుంటాయి. బరువైన తడి మంచుని అవి మోయలేవు, వాటిమీద ప్లాస్టిక్ వేయకండి. కమానుల నడినెత్తిన పొడుగ్గా ఒక పైపు కట్టడం మర్చిపోవద్దు. అది లేకపోతే రెండు కమానుల మధ్య ప్లాస్టిక్ కుంగి, అక్కడ నీళ్ళు నిలిచి, గడ్డకట్టి, మొత్తం కిందికి లాగేస్తుంది.

ప్లాస్టిక్ విషయంలో పొదుపు చేయకూడదు. రంగులు వేసేటప్పుడు కింద పరిచే పారదర్శక షీట్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది, ఒక్క సీజను ఎండకే చిల్లులు పడి ముక్కలైపోతుంది. ఆ ముక్కలు మడిలో కలిస్తే ఏరడం అయ్యే పని కాదు. ఎండని తట్టుకునేలా తయారుచేసిన గ్రీన్‌హౌస్ ప్లాస్టిక్, 6 మిల్ మందం, అంటే 150 మైక్రాన్లది తీసుకోండి. నాలుగేళ్ళ పనికి రూపొందించిన రకం సుమారు 90 శాతం వెలుతురుని లోపలికి వదులుతుంది. వెడల్పు 10 అడుగులుంటే వంపు పోగా రెండు పక్కలా దాదాపు 2 అడుగుల చొప్పున అంచు మిగులుతుంది. పొడవు 14 అడుగులు తీసుకుంటే రెండు చివర్లూ మూటలా దగ్గరికి లాగి, నేలలో కొట్టిన మేకుకి కట్టేయొచ్చు.

అంచుల్ని మట్టిలో పూడిస్తే గట్టిగా ఉంటుందని చాలామంది పూడుస్తారు. గాలికి ఆగుతుంది నిజమే, కానీ జనవరిలో ఆ మట్టి రాయిలా గడ్డకట్టాక టన్నెల్ తెరవడం మీ వల్ల కాదు. కూర ఉంటుంది, చేతికి రాదు. ఇసుక మూటలు మేలు. మూడడుగులకొకటి పెట్టి, పైనుంచి తాడుని ఇటు మేకు నుంచి అటు మేకుకి ఏటవాలుగా దాటిస్తూ బిగించండి. మంచుకన్నా గాలికి ఎగిరిపోయే టన్నెళ్ళే ఎక్కువ.

రో కవర్ ఎంత మందం ఉండాలన్నది మళ్ళీ వెలుతురు లెక్కకే వస్తుంది. చదరపు గజానికి అర ఔన్సుకి కాస్త పైన బరువుండే పలచటి రకం సుమారు 85 శాతం వెలుతురుని వదులుతుంది. దానిపైన ప్లాస్టిక్ ఉంటే మొక్కకి చేరేది 76 శాతం. ఒకటిన్నర ఔన్సుల మందపు రకం సగం వెలుతురునే వదులుతుంది, పైన ప్లాస్టిక్‌తో కలిపితే 45 శాతం. చీకటి వారాల్లో మొక్క ఎటూ ఎదగడంలేదు కాబట్టి, గట్టి చలి రాత్రులకి మందపాటిది కప్పినా నష్టం తక్కువ. ఫిబ్రవరి మొదటి వారానికల్లా మాత్రం దాన్ని తీసి పలచటిది వేయాలి. అప్పుడే ఎదుగుదల తిరిగి మొదలవుతుంది, అప్పుడు వెలుతురుని అడ్డుకుంటే సెప్టెంబరు నుంచి కాపాడుకొచ్చిన పంటనే వెనక్కి లాగినట్టు. ఏ పొరైనా ఆకులకి తగలకుండా ఉండాలి, తగిలినచోటే ఆకు మొదట మాడుతుంది.

మడి ఎక్కడుండాలో వేసవిలో చూసి నిర్ణయించకండి. 40వ అక్షాంశం దగ్గర డిసెంబరు మధ్యాహ్నం నీడ వస్తువు ఎత్తుకి రెండింతలు పడుతుంది. ఆరడుగుల చెక్క కంచె నడి మధ్యాహ్నం కూడా పన్నెండడుగుల నీడ వేస్తుంది, పాతికడుగుల ఇల్లు యాభై అడుగులు. జూన్‌లో ఎండలో మునిగితేలిన మడి డిసెంబరులో రోజంతా నీడలో ఉండొచ్చు. ఇంటికి, కంచెకి దక్షిణపువైపు ఉన్న మడే దీనికి తగింది. కాలనీలో ఇళ్ళ సంఘం నియమాలు ఉంటే ముందే కనుక్కోండి, ఇంటి ముందువైపు ప్లాస్టిక్ కమానులకి చాలాచోట్ల ఒప్పుకోరు.

ఒకసారి మూసేశాక నీళ్ళ అవసరం దాదాపు ఉండదు. కప్పేముందు మడిని బాగా తడపండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఆవిరయ్యేది చాలా తక్కువ, లోపలి చెమటే మళ్ళీ నేలలో పడుతుంది. ఎక్కువ నీళ్ళు పోస్తే బూజుని పిలిచినట్టే. ఎలుకలు మాత్రం తప్పకుండా వస్తాయి. మంచు కప్పిన ఊళ్ళో వెచ్చటి నేల, పక్కనే తియ్యటి క్యారెట్ ఉంటే అవి రాకుండా ఎలా ఉంటాయి? మడి అడుగున సన్నకంతల ఇనుప జాలీ పరచడం ఒక్కటే నమ్మకమైన దారి, అది మడి కట్టేటప్పుడే చేయాలి.

మన నేల మీద

ప్యారిస్ చుట్టూ ఉన్న కూరగాయల రైతులు పందొమ్మిదో శతాబ్దంలో ఒక్కో మొక్కమీద ఒక్కో గాజు గంట బోర్లించి, వేల గంటలతో ఇదే పని చేశారు. గాజు కొనలేని సన్నకారు రైతుకి ఆ దారి తెరిచింది ప్లాస్టిక్. 1948లో కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎమరీ ఎమర్ట్ అనే ఆచార్యుడు గాజుకి డబ్బు చాలక, ప్లాస్టిక్ కప్పి గ్రీన్‌హౌస్ కట్టాడు. ఈ రోజు ప్రపంచమంతా కనిపించే ప్లాస్టిక్ సాగు పరంపరకి ఆయన్నే ఆద్యుడిగా చెబుతారు.

మన దేశంలో లో టన్నెల్ బాగా పనికొచ్చిన చోటు రాజస్థాన్, హర్యానా, పంజాబ్. అక్కడ రాత్రి చలి ఉంటుంది, పగలు ఎండా పుష్కలంగా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో డ్రిప్ వేసిన సాళ్ళమీద తీగ కమానులు గుచ్చి, ప్లాస్టిక్ కప్పి, ఖర్బూజా, దోస, సొర విత్తుతారు. ఫిబ్రవరిలో చలి తగ్గాక ప్లాస్టిక్ తీసేస్తారు. మామూలు పంటకన్నా నెల రోజుల పైచిలుకు ముందే కాయ బజారుకొస్తుంది, ఆ నెల ధర రైతుకి మిగులుతుంది. న్యూజెర్సీలో పనిచేయని పద్ధతి, చలికాలం మధ్యలో విత్తి మొలిపించడం, అక్కడ పనిచేయడానికి కారణం అక్షాంశం. లద్దాఖ్‌లో నేలలోకి గోతులు తవ్వి, పైన ప్లాస్టిక్ కప్పి ఆకుకూరలు నిలుపుతారు. లేహ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డిహార్ అక్కడి సైనికుల కోసం, రైతుల కోసం ఈ తరహా పద్ధతులమీద పనిచేస్తోంది.

ఆంధ్ర, తెలంగాణల్లో చలికాలమే కూరగాయల కాలం. లంబసింగిలో, ఆదిలాబాదు ఏజెన్సీలో కొన్ని రాత్రులు గడ్డగట్టుకుపోయేంత చలి వేసినా, పగలు 11 గంటలుండగా క్యాబేజీ, బఠాణీ, క్యారెట్‌కి టన్నెల్ అక్కర్లేదు. మన దగ్గర అవే కమానులకి వేరే పని ఉంది. టమాటా, మిరప నారుమడిమీద కమానులు వేసి 40 మెష్ (అంగుళానికి 40 కంతలుండే) నైలాన్ వల కప్పితే, ఆకుముడత వైరస్‌ని మోసుకొచ్చే తెల్లదోమ నారుకి చేరదు. మొదటి నెలలో వైరస్ సోకని నారు తర్వాత సోకినా కొంత కాపునిస్తుంది, నారులోనే సోకితే చేను పోయినట్టే.

అమెరికా మడిలో ఫిబ్రవరి రెండో వారం నుంచి పని మళ్ళీ వేగం అందుకుంటుంది. సెప్టెంబరు చివర ఆలస్యంగా విత్తి, చీకటి కాలంలోకి నాలుగాకులతోనే అడుగుపెట్టిన స్పినాచ్ అప్పటిదాకా కోతకి అందదు, చావదు కూడా. పగలు పెరగడంతో దానికి వేరు బలం ముందే ఉంది కనుక మార్చిలో ఒక్కసారిగా విజృంభిస్తుంది. బయట మార్చిలో విత్తినవాళ్ళకి మే నెలలో వచ్చే కూర మీకు మార్చి చివరే వస్తుంది. జనవరి కోతలకన్నా ఈ మార్చి కోతే లో టన్నెల్ ఇచ్చే పెద్ద లాభమని నా లెక్క, మొదటిసారి ప్రయత్నించేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టడం మంచిది. ఆలస్యంగా విత్తినా పోయేది లేదు, రోజూ తెరవడం మూయడం తక్కువ, కూర మాత్రం గంపలకొద్దీ.

ఏప్రిల్లో ప్లాస్టిక్ తీశాక కడిగి, ఆరబెట్టి, ఎండ తగలనిచోట చుట్టి పెట్టండి, మడతల దగ్గరే ముందు చిరుగుతుంది. కమానులు మాత్రం పీకొద్దు. వాటిమీద పురుగులు రాని వల వేసి వంగ నారుని చిల్లులు పెట్టే చిన్న పెంకు పురుగుల నుంచి కాపాడుకోవచ్చు, లేత సొర, గుమ్మడి పాదుల్ని కాండం తొలిచే పురుగు నుంచి కాపాడుకోవచ్చు. పాదుకి ఆడపూలు కనిపించగానే వల తీసేయాలి, లేకపోతే తేనెటీగ లోపలికి రాక పిందె పడదు.